మూడో లైను దగ్గర

పోర్టులో మూడో నంబరు ఎగరేశారు.
ఫిషింగ్ హార్బర్‌లో మా గది కిటికీకి
రెండు అద్దాలే. మూడోదాని చోట అట్టముక్క.
ఆరు దాటాక పై ఆఫీసు నుంచి ఫోను:
బోట్ల టేబుల్‌లో ఇంకో కాలమ్ కావాలి,
ఏ బోటు వెనక్కొచ్చిందో, ఏ వేళకొచ్చిందో,
ఈ రాత్రికే.

కాలమే కదా అనుకున్నాను.
ఆల్టర్ టేబుల్ నాకు నోటికొచ్చు.
టేబుల్ పేరు మొదటి లైను.
పనిలో పనిగా సరంగు ఫోన్ నంబరుకో కాలమ్, రెండోది.
మూడో లైనులో, వచ్చిన వేళకి
"రిటర్న్" అని పేరు పెట్టాను.
ఆ పూట వేరే పేరు ఎలా తడుతుంది?
సెమికోలన్. ఎంటర్.

సింటాక్స్ ఎర్రర్.
మూడో లైనులో, "రిటర్న్" దగ్గర.

దగ్గర.
ఇదీ తప్పు అనదు, ఇక్కడ అనదు.
పాత పోస్టాఫీసు సందుల్లో ఇంటి నంబరు అడిగితే
సిగరెట్టు తియ్యకుండానే గడ్డంతో చూపిస్తారే,
అలాంటి దగ్గర.

దగ్గరంతా వెతికాను.
కామా పీకాను, మళ్లీ పెట్టాను.
లేని బ్రాకెట్లు కూడా లెక్కపెట్టాను.
రెండో లైను మొత్తం తీసేస్తే
తప్పు ఒక మెట్టెక్కి
రెండో లైనులో కూర్చుంది.

కిటికీ అవతల తెడ్డు పరసయ్య.
మోకాళ్ల పైకి లుంగీ, చేతిలో తడిసిన టోకెను.
"ఏటమ్మా, మా బోటు వొచ్చీసినాది. రాసీసినారా, నేదా?"
"ఆగు బాబాయ్, కంప్యూటర్ ఒప్పుకోవట్లేదు."
"వొచ్చినోడు వొచ్చినాడని రాయడానికి
మద్దిలో దాని ఒప్పుకోలేటి?"

రుషికొండలో పనిచేసే ఎస్తేరుకి ఫోన్ చేశాను.
ఏదో తింటోంది, నవ్వింది.
"ఆ మాట దాని సొంతం పిల్లా,
తన పనికని ముందే దాచుకున్న మాట.
నీ కాలమ్‌కి ఊరికే ఇవ్వదు.
అటూ ఇటూ బ్యాక్‌టిక్ పెట్టి అడుగు."
మెసేజి కూడా పెట్టింది.
దాన్నే కాపీ చేసి అతికించాను.
మళ్లీ ఎర్రర్. మళ్లీ దగ్గర.
నిటారు గీతలనుకున్నవి
ఫోన్లోంచి వచ్చేసరికి రొయ్యల్లా వంకర తిరిగాయి.
వంకర నా కంటికి ఆనలేదు,
అద్దాలు ఇంట్లో మర్చిపోయాను.

చేత్తోనే కొట్టాలి ఇక.
ఎస్కేప్ కింద, ఒకటి పక్కన ఉండాలి ఆ మీట.
ఉప్పుగాలికి ఊడిపోయి ఏడాది.
వేరే పేరు పెట్టొచ్చు, తెలుసు.
ఎందుకో మొండికెత్తాను.
మీట ఉండాల్సిన గుంటలో రబ్బరు బొడిపె,
పెన్ను మొనతో ఒకసారి పొడిచాను,
పేరు కొట్టి, ఇంకోసారి.

క్వెరీ ఓకే.
నాలుగు వందల పన్నెండు వరసలు.

ఒక్క నిమిషం కూడా సంతోషపడలేదు.
తెరిచి చూస్తే కొత్త కాలమ్ పైనుంచి కిందిదాకా
నల్, నల్, నల్.
ఎదురుగా జెట్టీలో తాళ్లు కట్టుకుని
ఒకదాన్నొకటి రాసుకుంటున్న బోట్లు కూడా,
పరసయ్య బోటు కూడా,
దాని లెక్కలో ఇంకా రాలేదు.

అతని వరసతో మొదలుపెట్టాను.
అయిదూ యాభై.
తర్వాత టోకెన్లు, కేకలు, ఎవరో తెచ్చిన టీ,
టోకెను పోగొట్టుకుని బోటు రంగు చెప్పినవాళ్లు.

పదకొండింటికి మూడు వందల తొంభై ఆరు.
పదహారు మిగిలాయి.
ఇంటికెళ్లకుండా గుమ్మంలోనే ఉన్నాడు పరసయ్య.
"ఆ పదార్లో ఏటి రాసుందమ్మా?"
"నల్ అని."
"నేరన్నట్టా?"
"కాదు బాబాయ్. సున్నా కాదు, లేదనీ కాదు.
ఇంకా తెలీదని."

కాసేపు బీడీ వెలగలేదు, అగ్గిపుల్లలు తడి.
"అయితే దగ్గర్లోనే ఉంటార్లే" అన్నాడు.

ఐస్ ప్లాంటు మోటారు ఆగి, మళ్లీ అందుకుంది.
కిటికీలో అట్టముక్క కొట్టుకుంటోంది.
పెన్ను ఇంకా చేతిలోనే ఉంది.