గలీబు

ఆయన మడిమ మింద పుండు
మొదట శెనగ్గింజంత.
చెప్పు కరిసిందనుకుంటిమి.
చక్కెర జబ్బోళ్ల కాలికి నొప్పి తెలీదంట,
తెలిసింటే ఇంత దూరం వచ్చేది గాదు.

సుగుణమ్మ పొద్దున ఏడుకే వస్తాది.
నీళ్లు పోస్తాది, బీపీ చూస్తాది,
సంగటి మెత్తగ పిసికి పెడ్తాది,
పుండు మింద తెల్లగ కట్టు కట్టి
"బాగుండాది పెదనాయనా" అంటాది.
ఆ మాటకే సగం జబ్బు పోయేది మాకు.
నెలకు తొమ్మిది వేలు,
అప్పుడప్పుడు కొంగులో చారెడు శెనక్కాయలు.

శుక్రవారం ఇల్లంతా వాసన.
ముసురుకు తడిసి మూలన పడిన దూది వాసన.
ఇద్దరం ఒకరి మొగం ఒకరం చూసుకోలేదు.

సుగుణమ్మే చెప్పింది, తల వంచుకొని:
"ఇది నా చెయ్యి దాటిపోయింది.
కడపలో పుండ్లు మాత్రమే చూసే పాప ఉండాది,
ఇంటికే వస్తాది.
ఒక్కో రాకకు పన్నెండు నూర్లు."

పన్నెండు నూర్లు!
నీళ్లు పొయ్యదు, సంగటి పెట్టదు,
చూసేదల్లా అరచేతిలో సగం లేని ఒక్క గుంత.
ఇద్దర్నీ పెట్టుకునే తాహతు లేదు.
నేను వేళ్లు మడిచి మడిచి లెక్కేస్తాంటే
మంచం మింద ఆయన నగినాడు.

నలభై ఏండ్లు పొద్దుటూరు వీధుల్లో
పరుపులు కుట్టిన మనిషి.
"హుస్సేనమ్మా,
వచ్చినోళ్లంతా నన్నేమడిగేటోళ్లు?
పైన గలీబు మార్చు దస్తగిరీ, చాలని.
నేనేం చెప్పేటోణ్ణి?
లోపల ఉండ కట్టింది,
చీల్చాల, చెడిన దూది పారెయ్యాల,
మిగిలింది ఏకాల, అని గదా.
ఇప్పుడు నా కాలికి గలీబు మార్పిస్తాండావే?"

కెజియా అంట పేరు.
స్కూటీ ఆపి, టీ వద్దనింది.
మొగం తిప్పకుండా వాసన చూసింది.
కాగితం స్కేలు ఆనించి కొలిచింది,
సన్న కత్తితో చచ్చిన తోలు పొరపొరగా తీసింది.
"బాగుండాది" అన్లేదు.
"నాలుగున్నర సెంటీమీటర్లు" అనింది.
"దిండు మడిమ కింద గాదు, పిక్క కింద పెట్టండి."
దిండు ఆయన కుట్టిందే.

నీళ్లు ఇప్పుడు నేనే పోస్తాండా, నడుం పట్టుకొని.
సుగుణమ్మ వేరే ఇల్లు చూసుకుంది.
ఆదివారం దావన పోతా పోతా
ఊరకే బీపీ చూసి పోతాది.

కొలత కాగితాలు రేషన్ కార్డులో దాస్తాండా.
నాలుగున్నర.
నాలుగుంబావు.
మళ్లీ నాలుగున్నర. ఆ రాత్రి నిద్ర లేదు.
నిన్న మూడూ ముప్పావు.

తన మడిమ తనకు కనపడదు.
"ఏకిన దూది మాదిరుండాదా?" అంటాడు.
"దానిమ్మ గింజ మాదిరుండాది."
కొంచెం సేపు మాట్లాడడు.
"యాడన్నా ఉండ మిగిలిందేమో,
ఇంకోసారి చూడమను ఆ పాపను."