దీర్ఘం లేని కోపం

జనవరి ఎండ కిటికీలోంచి దిగి
వంటగది బల్ల మీద మూడు అట్టపెట్టెల్ని తడుముతోంది.
మూడూ చదువులే.
మూడూ నా కొడుక్కి రాయడం నేర్పిస్తామని ఒట్టేసినవే.
నచ్చకపోతే ముప్పై రోజుల్లో వెనక్కి పంపొచ్చట,
పేజీ నలగకుండా.
ఇవాళ ఇరవై ఆరో రోజు.

నీలం రంగుది మర్యాదస్తురాలు.
పెద్దవాళ్ళ వాక్యాలు ఇచ్చి చూసి రాయమంటుంది,
రోజుకొకటి. చేతికి నడక కుదిరితే
బుర్రకీ కుదురుతుందని దాని నమ్మకం.
రెండోది మేస్త్రీ.
ముందు చెప్పేది చెప్పు, మూడు కారణాలు పేర్చు,
చివర మళ్ళీ అదే చెప్పి తలుపు మూసెయ్ అంటాడు.
ప్రతి పేరా ఒకే అచ్చులో పోసిన ఇటుక.
మూడోదానిలో దాదాపు ఏమీ లేదు.
పది నిమిషాలకి గడియారం పెట్టి
పిల్లాణ్ణి వదిలెయ్యమంటుంది,
తప్పులు చూడొద్దని నాకు హెచ్చరిక.
ధర మాత్రం మిగతా రెండింటికంటే ఎక్కువ.
ఖాళీ కాగితం ఇంత ఖరీదని
నాకిన్నాళ్ళూ తెలీదు.

ఫెర్గస్‌ని అడిగాను.
తేనె చట్రాలు గీకుతూ, తలెత్తకుండా,
"వాడు మాట్లాడతాడుగా" అన్నాడు.
అదే కదా నా బాధ.
జోరీకి ఎనిమిదేళ్ళు. నోరు తెరిస్తే
మా కొండ కింది నదికి వరదొచ్చినట్టే.
నిన్న గంజి చల్లారేదాకా చెప్పాడు,
పిల్లిలా నక్కుతూ వచ్చిన మచ్చల క్వాల్
కోళ్ళగూడు గడియ ఎలా తీసిందో,
తీసి, వెనక్కి తిరిగి, వాడి వంక ఎలా చూసిందో.
ఇదే రాయి నాన్నా అని పెన్సిలిస్తే
ఇరవై నిమిషాల తర్వాత కాగితం మీద:
"క్వాల్ వచ్చింది. పోయింది."
పెన్సిల్ చివర రబ్బరు మాత్రం
నమిలి నమిలి నున్నగా.

ఆ ఎండిపోవడం నాకూ తెలుసు.
హోబర్ట్‌లో, నాలుగో తరగతిలో,
సముద్రం గురించి రెండు పేజీలు రాస్తే
మిసెస్ ప్రిచర్డ్ ఎర్రసిరాతో
పంతొమ్మిది చోట్ల కొరికింది.
సముద్రం గురించి ఒక్క మాటా అనలేదు.
ఆ తర్వాత ముప్పై ఏళ్ళూ నేను రాసినవి
సరుకుల చీటీలు, తేనె సీసాల మీద తారీఖులు.
ఈ బల్ల దగ్గర వాడికి చదువు ఎంచుతున్నానా,
ఆవిడతో ఇంకా వాదిస్తున్నానా?

మధ్యాహ్నం మార్నీ టపా వ్యాను వచ్చింది.
ఏవి పంపాలో నేనింకా తేల్చుకోలేదు.
ఆమె గేటు దగ్గరే ఆగిపోయి
రమ్మని చెయ్యి ఊపింది.
ఐదో తేనెపెట్టె ముందు,
విరిగిన ఆపిల్ బుట్ట చెక్క మీద,
గొర్రెలకి గుర్తు పెట్టే నీలి సుద్దతో:

"ఈ పెట్టె కొపంగా ఉంది
నిన్న మేం దాని మూత తీశాం
మార్నీ మెల్లగా నడు
రేపటికి మరిచిపోతుంది"

రాయమని ఎవరూ చెప్పలేదు.
పోయిన వారం ఆమెని రెండు ఈగలు కుట్టాయి, అంతే.

నా వేలు అలవాటుగా లేచింది.
కోపానికి దీర్ఘం లేదు.
అనబోయి ఆగాను.
తేనెటీగల కోపం కదా,
దీర్ఘం ఎక్కణ్ణించి వస్తుంది?

మేస్త్రీ వ్యాను ఎక్కాడు. ఖాళీ కాగితమూ ఎక్కింది.
నీలంపెట్టె ఉంచాను.
ఎందుకో సరిగ్గా చెప్పలేను,
చవక కావడం కూడా ఒక కారణం.

సోమవారం మొదటి పాఠం.
పెద్దవాళ్ళ వాక్యం మీద తెల్లకాగితం అంటించి
చెక్క మీది నాలుగు వరుసలూ
గుండ్రంగా రాసిచ్చాను, దీర్ఘం పెట్టి.
"ఇది నాదే" అన్నాడు అనుమానంగా.
"నీదే. చూసి రాయి."
రెండు వరుసలు రాశాడు.
మూడోదాని దగ్గర ఆగి,
"మార్నీకి తెలిసిపోయిందిగా,
మరి ఇప్పుడిది ఎవరికోసం?" అన్నాడు.

నేర్పేవాళ్ళ పుస్తకం తిరగేశాను.
ఆ ప్రశ్నకి పేజీ లేదు.
పెన్సిల్ చివర మళ్ళీ వాడి నోట్లోకి పోయింది.