జానెడు ఎక్కువ

హన్మకొండ షోరూముల
మూతకు గడియారమున్న పొయ్యి చూసిన.
ముల్లు వేడి చూపిస్తదట.
కొంరమ్మ చిన్నమ్మ నవ్వింది:
నిప్పుల మీద అరచెయ్యి పెట్టి
నాలుగు లెక్కపెట్టేలోపు గుంజుకుంటే
ముక్క ఎయ్యొచ్చు, గంతే.

గ్యాసుదైతే పొగ రాదన్నడు పిలగాడు.
పొగ రాకుంటే
పక్కింటోళ్లకు ఎట్ల తెలుస్తది?

ఆఖరికి కాజీపేట,
లతీఫ్ వెల్డింగు కొట్టు.
నూనె డ్రమ్మును నిలువునా చీరి
పొడుగు కాడ సుద్దముక్కతో గీత గీసిండు.
గాలికి అడుగున బెజ్జాలు,
రేకు పల్చగుంటే రెండెండకాలాలకే తుప్పు తింటది,
జాలికి ఆరు ఎమ్మెం కడ్డీ...
అన్నీ చెప్పి అడిగిండు:
"తినెటోళ్లు ఎంతమంది?"

వేళ్ల కణుపులు లెక్కపెట్టిన.
పదకొండు.
పన్నెండో కణుపు మీద బొటనవేలు ఆగింది.
హసన్‌పర్తి ప్లాటు హద్దురాయి కాడ
మూడేండ్ల కింద మాట బందయిన మా అన్న.
కాల్చిన కార్జం మీద నిమ్మకాయ పిండితే
వానికి పడది,
ఉప్పుకారమే కావాలె.

మిట్టమధ్యాహ్నం. రేకు మీద
సుద్దగీత తెల్లగ మండుతున్నది.
లతీఫ్ కట్టర్ పట్టుకొని నిలబడ్డడు.

"గీత జరుపు" అన్న.
"ఎటు?"
"ఎక్కువ దిక్కు. ఓ జానెడు."