దీపం కింద కొన్న రంగు

ఉపెర్నావిక్ రేవు పైన మా వరసలో పదకొండు ఇళ్ళు.
అన్నీ ఒకే ఎరుపు, ఒకే మెట్లు,
ఒకే చోట కిర్రుమనే నేలపలక.
పక్కింటి హన్సీరాక్ ఒక రాత్రి తాగి మా ఇంట్లోకొచ్చి
బూట్లు విప్పి, బల్ల దగ్గర కూచుని
దర్జాగా కాఫీ అడిగాడు.
సగం తాగాక గానీ తెలియలేదు
కప్పు తనది కాదని.

మర్నాడు ఇవాలు అంది:
"మనం ఎవరమో ఈ గోడకైనా తెలియాలి."

ఆఖరి ఓడ వచ్చి వెళ్ళిపోయింది.
ఇక మంచు విడిచేదాకా కొత్త సరుకు లేదు.
షాపులో మిగిలినవి రెండు డబ్బాలు, లేబుళ్ళు చిరిగినవి.
మూత మీద కారి ఎండిన ఒక్క చుక్కను
ట్యూబులైటు కింద అటు తిప్పి ఇటు తిప్పి
"వెన్న" అంది.
నేనూ కళ్ళు చికిలించి "వెన్నే" అన్నాను.
పెళ్ళయి పద్నాలుగేళ్ళు, ఎప్పుడు ఏది వెన్నో నాకు తెలుసు.

అప్పటికి సూర్యుడు వెళ్ళి పన్నెండు రోజులు.
మధ్యాహ్నమంటే గడియారం చెప్పే మాట.

పడవకి తారు పూసే కుంచె
రెండు రోజులు కిరసనాయిల్లో నానబెడితే మెత్తబడింది.
పైఅంచు తిన్నగా రాలేదు.
"అల అనుకో" అన్నాను.
ఆమె నిచ్చెన మీంచి నన్ను చూసింది,
చూసి ఊరుకుంది.

చేపల పెట్టెలు రెండు కలిపి మేకు కొడితే అలమర.
ఎన్నిసార్లు కడిగినా హాలిబట్ వాసన మాత్రం
అద్దె కట్టకుండా అందులోనే ఉండిపోయింది.
వల బంతిని సగానికి కోసి దీపానికి టోపీ చేశాను.
నా పాత నారింజ వానకోటు కుర్చీ మెత్తలయింది.
ఒకదానికి జేబు అలాగే ఉంచింది ఇవాలు,
అందులో నివీ పెన్సిళ్ళు దాచుకుంది.
ఆ చలికాలమంతా
వెన్నముద్దలో కూచున్నట్టు కూచున్నాం.

జనవరి చివర సూర్యుడు కొండ అంచున కన్నంత తెరిచాడు.
కిటికీలోంచి పళ్ళెమంత ఎండ వచ్చి గోడ మీద పడింది.
పడిన చోట వెన్న లేదు.
పచ్చన.
పడవ అడుగున నాచు పట్టినట్టు, లేత పచ్చన.

సూర్యుడి కాఫీకి ఇంటికొచ్చిన వాళ్ళు తలా ఒక పేరు పెట్టారు.
హన్సీరాక్: "సీలు పైత్యం."
మంత్రసాని కరోలీన్: "కామెర్లు తగ్గుతున్న బిడ్డ."
ఇవాలు కేకు కోస్తూనే ఉంది,
అవసరమైన దానికంటే సన్నగా.

అప్పుడు నివీ కోటుజేబులోంచి పెన్సిల్ తీసి
ఎండ చుట్టూ గీత గీసింది, పక్కన తారీకు వేసింది.
మర్నాడు ఎండ ఇంకాస్త పెద్దది, ఇంకో గీత.
మబ్బు పట్టిన రోజున ఉత్త తారీకు.
మార్చికి గీతలు అలమర దాకా పాకి
చేపల వాసన దగ్గర వంపు తిరిగాయి.

రెండో డబ్బా మూత తియ్యలేదు ఇవాలు.
తియ్యనని కూడా అనలేదు.
దీపం వేస్తే వెన్న, ఆర్పితే నాచు.
"ఒక గోడ డబ్బుకి రెండు గోడలు" అన్నాను.
ఈసారి నవ్వింది, ముక్కుతో.

ఇప్పుడు మే నెల, అర్ధరాత్రి.
ఎండ గది చుట్టూ తిరుగుతోంది,
పడుకోమంటే వినని పిల్లలా.
నివీ పెన్సిల్ పట్టుకుని
ఎక్కడ గియ్యాలో తెలియక నిలబడింది.
ఇవాలు మిషను ముందు,
పెదాల మధ్య గుండుసూదులు,
నా టార్పాలిన్ కోసి నల్లపరదా కుడుతోంది.

తలుపు తోసుకుని వచ్చాడు హన్సీరాక్.
ఒక బూటు విప్పాడు,
తల ఎత్తి గోడ చూశాడు,
మళ్ళీ తొడుక్కున్నాడు.