ఎడమ చేతి ఉంగరపు వేలు

కాశీబుగ్గలో నాది రేషను డిపో.
నెలలో సగం రోజులు తూకం,
మిగతా సగం లెక్క.
తూకమే నయం.

బమ్మిడి దాలమ్మ బొటనవేలు పెట్టింది.
మిషను వద్దంది.
చెంగుకి తుడిచి మళ్ళీ పెట్టింది.
మళ్ళీ వద్దంది.
పంతొమ్మిదేళ్ళు జీడిపిక్కలు కొట్టిన వేలది,
గీతల్ని సొన తినేసింది.
పొట్టు వలిచిన పప్పులా నున్నగా ఉంది.

అరుగు మీద పట్నాయక్ గారు,
సేల్స్ టాక్సులో పెద్ద గుమాస్తా చేసి దిగినాయన,
పేపరు మడిచి అన్నారు:
"నువ్వు తూస్తున్నది నా పన్నేనోయ్.
సగం కోళ్ళకి, సగం దళారీకి.
ఎవర్ని ఉద్ధరించడానికి?"

తప్పని నేననలేను.
కిలో పన్నెండుకి కొనే బండి
చీకటి పడ్డాక మా సందులోకే వస్తుంది.
ఆ బియ్యం మిల్లుకెళ్ళి, మెరుగు పెట్టుకుని,
కొత్త సంచీలో కొత్త పేరుతో
పట్నాయక్ గారి వంటింటికే చేరుతుందేమో
ఎవరికి తెలుసు.
గోనె బరువని నేను కోసే వంద గ్రాములు మాత్రం
నాకు తెలుసు.

దాలమ్మ తలెత్తకుండానే అంది:
"సబ్బుకీ పోను కార్డుకీ నానూ కడతన్నాను బాబూ,
సిట్టీ ఇవ్వరు గానీ.
అయినా ఈ బియ్యం నాకిత్తన్నారనుకున్నారేటి?
మా సావుకారికిత్తన్నారు.
కూలి పెంచమంటే ఏటంతాడో తెలుసునా,
'బియ్యం ఊరికే వొత్తన్నాయి కదే, ఇంకేటి నొప్పి?'
రేపు మీరియి ఆపీండి,
ఎల్లుండి పేక్టరీ గేటు కాడ
ఆడికీ మాకూ తేలిపోద్ది."

ఎవరూ మాట్లాడలేదు.
కుడి చెయ్యి అయిపోయింది, ఎడమది పెట్టమన్నాను.
చూపుడు వేలు, కాదంది.
నడిమి వేలు, కాదంది.
ఉంగరపు వేలు,
సొన ఎలా మరిచిపోయిందో ఆ ఒక్కదాన్ని,
అది దాలమ్మదేనని
సర్కారు ఒప్పుకుంది.

పదిహేను కిలోలు.
ఈసారి గోనె బరువు తియ్యలేదు.
ఎందుకో చెప్పలేను,
వచ్చే నెల తీస్తానేమో కూడా.

పట్నాయక్ గారు లేచారు.
చంకలో అట్టపెట్టె,
కటకంలో వియ్యంకుడికి జీడిపప్పు,
ఒక్కటీ విరగని, మచ్చలేని తెల్ల గుండు.
దాలమ్మ మూట నెత్తికెత్తుకుంటూ
ఆ పెట్టె వంక ఒక్క చూపు చూసి,
పనిమంతురాలి గొంతుతో
"పప్పు బాగుంది బాబూ,
ఎండ తగలనీకండి" అంది.