పదకొండు గుర్రాలు

రెండు లక్షల పద్దెనిమిది వేల మైళ్లు.
మీటరు అబద్ధం చెప్పినా
తలుపు కింద తుప్పు చెప్పదు.
డులూత్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారు కదా,
ఇక్కడ ఉప్పే కార్లను తింటుంది,
విశ్వాసం ఏ వైపూ లేదు.

సరస్సు ఒడ్డు నుంచి నిటారుగా లేస్తుంది మెసాబా అవెన్యూ.
పొద్దున ఐదుంబావుకి
నా బ్యూక్ ఆ ఎత్తు మొదట్లోనే దగ్గుతుంది.
వెనక రొట్టెల ట్రక్కు వాడు
హారన్ మీద మోచెయ్యి ఆనించి మరీ మోగిస్తాడు.
బడిలో మూడువందల మంది పిల్లలకి
ఓట్స్ జావ కాచాల్సినదాన్ని,
నాకూ తొందరేనని వాడికెవరు చెప్పాలి?

కాఫీ డబ్బాలోంచి మూడువందల డాలర్లు తీసి
పక్కింటి వెండెల్ ముందు పెట్టాను.
పదిహేడేళ్లు. మీసం ఇంకా తేలలేదు గానీ
గోళ్ల కింద నలుపు మాత్రం వాళ్ల తాతదే.
"దీనికి కాస్త బలం పట్టించు" అన్నాను,
బాలింత గురించి చెప్పినట్టు.

వాడు వెంటనే ఏదీ బిగించలేదు.
ఆరు ప్లగ్గులూ విప్పి
ఒక్కో సిలిండర్లో ఊపిరి కొలిచాడు.
నూట అరవై. నూట యాభై ఎనిమిది. నూట అరవై రెండు.
నూట యాభై ఐదు. మళ్లీ నూట అరవై.
ఆరోదాని దగ్గర ముల్లు
నూట పది మీదే కూర్చుండిపోయింది.
చుక్క నూనె పోసి మళ్లీ కొలిచాడు.
కొంచెం లేచింది, మోకాళ్లు పట్టుకుని లేచినట్టు.

"మా చర్చి పాటల బృందంలో ఐలీ అని ఒక ముసలావిడ" అన్నాను,
"పెదవులు కదుపుతుంది, గొంతు రాదు.
అయినా ముందు వరసలో కుర్చీ ఆవిడదే."
వాడు నవ్వలేదు.
"అయితే టర్బో మాటెత్తకండి మిసెస్ కాంగస్,
ఎత్తితే ముందు పోయేది ఆవిడే."

శనివారం ప్రాక్టర్ దాటాక పాత కార్ల దొడ్డికి వెళ్లాం.
మంచు కింద బోనెట్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.
ముక్కు పచ్చడైన ఒక పాంటియాక్ నుంచి
పెద్ద నోరున్న థ్రాటిల్ బాడీ, నలభై డాలర్లు.
వెనక సీట్లో పసిపిల్ల మేజోడు,
ఒక్కటే, ఎర్రది.
ఇద్దరం చూశాం.
వాడు బోల్టులు ఇంకాస్త నెమ్మదిగా విప్పాడు.

బిగించడమే, కొయ్యక్కర్లేదు అన్న ప్రతి పనీ
చీకటి పడేదాకా సాగింది.
చల్లగాలి పీల్చే గొట్టం పట్టడానికి
బ్యాటరీ అరంగుళం జరగాల్సొచ్చింది.
సైలెన్సర్ బోల్టు తల తెగి నా కాఫీలో పడింది.
పది నంబరు సాకెట్ మాయమైంది,
అది మాయమవడం లోకరీతి అట.
పాత ప్లగ్గులు వరసగా పేర్చి చూస్తే
మాడిన లవంగాల్లా ఉన్నాయి.
నిజానికి సగం రోగం అక్కడే ఉందేమో.

రెండువందల ఎనభై ఏడు.
మిగిలిన పదమూడూ తీసుకోనన్నాడు,
దాల్చినచెక్క రొట్టె ఒకటి మొత్తం తిన్నాడు.
"ఎన్ని గుర్రాలు పెరిగాయి?"
"పదకొండు" అన్నాడు ఠక్కున.
నోరు తుడుచుకుని, కాస్త ఆగి,
"ఏడు అనుకోండి. మిగతా నాలుగూ శబ్దం."

సోమవారం ఐదుంబావు. సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద.
మెసాబా మీద పెడల్ నొక్కితే
గొంతు సవరించుకుంది, దగ్గలేదు.
ఐదు గొంతులు ఎత్తుకున్నాయి,
ఐలీ పెదవులు కదిపింది.
మూడో వీధి దాటింది, ఏడోది దాటింది,
కిటికీ అద్దాలు గజగజలాడుతున్నాయి,
గుర్రాలో శబ్దమో నేను లెక్కపెట్టలేదు.
హారన్ మోగింది.
చాలా కింద నుంచి.

పెట్రోలు మాత్రం ఇదివరకటి కన్నా ఎక్కువ తాగుతోంది.
తాగదూ మరి,
నోరు పెద్దది చేసింది మేమే.