వంకర గీత

మొదటిసారి దాన్ని చెరపడానికి పంపింది నన్నే.

కుతైసీలో, రియోనీ నది మీద పాత వంతెన దిగగానే
బేకరీకీ బడికీ మధ్య
రాత్రికి రాత్రి మొలిచిన ఏడు చారలు.
రోడ్లకి వేసే ఖరీదైన రంగు కాదు,
ఎవరింటి కిటికీలకో వేయగా మిగిలింది,
తెలుపులో కాస్త నీలం, నీళ్లు కలిపిన పాలలా.
ఐదో చార దగ్గర దారి వంకర పోయింది.
అక్కడ గొయ్యి.
పూడ్చే స్తోమత లేనివాళ్లు
గొయ్యిని తప్పించి గీసుకున్నారు.

"అనుమతి లేదు" అన్నాడు మా మేస్త్రీ అంజోర్.
నల్ల రంగు డబ్బా మూత తీశాను.
గీయడం కంటే చెరపడం తేలిక, కూలి మాత్రం అంతే.
అరగంటలో వీధి మళ్లీ కార్లదైపోయింది.

రెండోసారి చారలతోపాటు నాలుగు పాత టైర్లు.
టైర్లలో మట్టి, మట్టిలో బంతి మొక్కలు.
ఆ ఇరుకులో కార్లు
కొత్త కోడళ్లలా తలొంచుకుని నడుస్తున్నాయి.
టైర్లు లారీకెత్తుతుంటే బేకరీ మక్వాలా బయటికొచ్చింది.
మోచేతుల దాకా పిండి,
పిండి కింద, గోరంచున, నీలం.
నేను చూశాను. చూశానని ఆమె చూసింది.
తిట్టలేదు.
కాలే రొట్టె ఒకటి చేతిలో పెట్టి
"ఆ పూలు ఎండితే కూరలోకి నూరుకుంటాం,
మెల్లగా దించు" అంది.
మెల్లగానే దించాను.
డిపో గోడ పక్కన పెట్టి నీళ్లు కూడా పోశాను.
అంజోర్‌కి చెప్పలేదు.

మూడోసారికి బడి మెట్ల మీద ఒక పిల్ల, ఇయా.
పక్కన రెండు గాజు సీసాలు.
నింపాదిగా దాటినవాళ్లకి ఒక ఎర్ర చిక్కుడు గింజ,
ప్రాణం అరచేత పట్టుకుని ఉరికినవాళ్లకి తెల్ల గింజ.
"ఎవరు లెక్కపెట్టమన్నారు నిన్ను?"
"నాకు లెక్కలు రావంది మా టీచరు."
నేను చెరిపిన రోజుల్లో తెల్ల సీసా నిండేది,
వాళ్లు గీసిన రోజుల్లో ఎర్ర సీసా.
డబ్బా మోసుకుంటూ అడ్డంగా పరుగెత్తాను కదా,
నాకూ పడింది ఒక తెల్ల గింజ.
టక్‌మని ఆ చప్పుడు
చాలా రోజులు చెవిలోనే ఉండిపోయింది.

ఎవరు పట్టుకెళ్లారో గానీ
ఆ సీసాలు నగరపాలక భవనం మెట్లెక్కాయి.
ఫైళ్లు విప్పని చేతులు
సీసాల్ని ఎత్తి, ఊపి, వెలుతురుకి పెట్టి చూశాయట.
నల్ల రంగు ఖర్చు మితిమీరింది, అందుకే ఊరుకున్నారు
అంటాడు అంజోర్, ఇప్పటికీ.
కావచ్చు.

చలికాలం పోయాక రాళ్లొచ్చాయి,
వాటి వెనకే కొలత టేపుతో ఒక ఇంజినీరు కుర్రాడు.
గొయ్యి అప్పటికే పూడిపోయింది.
"ఇక్కడ వంకరెందుకు? సూటిగా వేద్దాం" అన్నాడు.
పదహారేళ్ల నౌకరీలో ఎదురు చెప్పిన మనిషిని కాను.
"మంచు పడ్డ పొద్దున వచ్చి నిలబడ్డాను సార్,
అడుగులన్నీ ఇక్కడ ఇలాగే వంగాయి" అన్నాను.
అతను చాలాసేపు నేల వంకే చూశాడు.
తర్వాత టేపు వంచాడు.

చెరిపిన చేతులతోనే పరిచాను ఒక్కో రాయీ.
రాయి గీతలా కాదు, దానికి బరువుంది.
నడుము మూడు వారాలు గుర్తు చేసింది.

టైర్లు పోయి సిమెంటు తొట్లు వచ్చాయి,
కాంట్రాక్టరు తెచ్చిన పూలతో.
మక్వాలా ఒకటి తుంచి, నలిపి, వాసన చూసి
"వీటితో కూర కాదు" అని లోపలికి వెళ్లిపోయింది.

డిపో గోడ పక్కన రాలిన బంతి గింజలు
గుప్పెడు దాచి ఉంచాను.
నిన్న తెల్లవారుజామున, దీపాలింకా ఆరకముందు,
బొటనవేలితో మట్టిలో గుంటలు చేసి
ఒక్కొక్కటే నొక్కాను.
అనుమతి లేదు.
అటూ ఇటూ చూస్తూ లేచి
రాళ్ల మీదుగా ఇవతలికి వచ్చాను.

బడి తెరవలేదు, అయినా మెట్ల మీద ఇయా.
టక్‌మంది.
ఏ గింజో అడగలేదు.